సహన అనే పడవ

వాసన సంగతి సహనకు ఒకరు చెప్పక్కర్లేదు. జిగణిలో మసాలా పొడులు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగమే వాసన చూడడం. ధనియాల బస్తా మూతి విప్పగానే అడుగున బూజు పట్టిందో లేదో చెప్పేస్తుంది. సాంబారు పొడిలో మెంతులు కాస్త ఎక్కువ మాడితే ఆమె ముక్కు ఒప్పుకోదు, ఆ రోజు సరుకు గేటు దాటదు. అలాంటి ముక్కును తీసుకెళ్ళి ఆ పాత పడవ పొట్టలో పెడితే ఏమవుతుంది? మెట్లు దిగి లోపలికి తల వంచిందో లేదో, నానిన గోనెపట్టా, పాత డీజిలు, ఎప్పుడో చచ్చిన చేప, ఎవరో వాడి నీళ్ళు కొట్టకుండా వదిలేసిన మరుగుదొడ్డి, అన్నీ కలిసి ఒక్కసారిగా మొహాన కొట్టాయి.

“థూ! ఇదేమి కంపప్పా! దీంట్లో మనుషులుంటారా?”

“అది సముద్రం స్మెల్, సహనా. వన్ అవర్‌లో అలవాటైపోతుంది,” అన్నాడు ఆమె భర్త అచ్యుత్ పైనుంచి, తాడేదో చుట్టుకుంటూ.

సముద్రం వాసన ఆమెకు తెలియనిదా? పొద్దున రేవు దగ్గర బస్సు దిగినప్పుడే గుండె నిండా పీల్చింది. ఉప్పుగా, శుభ్రంగా, బాగానే ఉంది. ఈ కంపుకూ సముద్రానికీ ఏ సంబంధమూ లేదు. ఇది ముమ్మాటికీ మనుషులు చేసిన కంపు.

ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆ పడవ పేరు సహన. కొన్న వారంలోనే పాత పేరు గీకించేసి, పక్కన నీలం రంగులో ఇంగ్లీషు అక్షరాలతో పెద్దగా రాయించాడు. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పంపి, ‘సర్‌ప్రైజ్!’ అన్నాడు. ఏ భార్య అయినా మురిసిపోతుంది కదా. సహన కూడా మురిసిపోయేదే, మొగుడు పడవ కొన్న సంగతి కూడా ఆ ఫొటోతోనే తెలియకపోయి ఉంటే!

అచ్యుత్‌ది బెజవాడ. “కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి, నీళ్ళు నా బ్లడ్‌లోనే ఉన్నాయ్,” అని కనపడిన వాళ్ళందరికీ చెబుతాడు. ఈత మాత్రం నడుము లోతు వరకే. ఉద్యోగానికని బెంగళూరు వచ్చి, సహనను ఇష్టపడి పెళ్ళి చేసుకుని, చందాపురలో ఆమె ఇంట్లోనే కాపురం పెట్టాడు. ఆ ఇల్లు ఆమె తండ్రి ఓబళప్ప లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతూ కట్టించింది. ఆయన పోయాక ఆమె పేరు మీదికి వచ్చింది. కింద వీళ్ళిద్దరు ఉంటారు, పైన జిగణి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు అద్దెకుంటారు. పిల్లల సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని, వద్దని వదిలేసుకున్నారు.

అచ్యుత్‌కు ఈ పడవ పిచ్చి ఫోన్‌లో పట్టుకుంది. ఏ దేశంవాళ్ళో మొగుడూ పెళ్ళాలు ఇల్లూ వాకిలీ అమ్మేసుకుని పడవలో తిరుగుతుంటే, ఆ వీడియోలు చూసి చూసి వీడి బుర్ర కూడా అటే కొట్టుకుపోయింది. నాలుగు శనాదివారాలు తీరానికి పోయి క్లాసులు విని, పాసయ్యానని గడ్డం పెంచాడు. ఇప్పుడు ఇల్లు అమ్మాలి, ఆ డబ్బుతో పడవ బాగుచేయించాలి, అందులోనే ఉంటూ ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం చేసుకోవాలి. కొనేవాడు కూడా దొరికాడు. సోమవారం పొద్దున ఆనేకల్ రోడ్డులో బ్రోకర్ ఆఫీసుకు వచ్చి సహన సంతకం పెడితే సరిపోతుంది.

“పెట్టకపోతే?” అని అడిగింది సహన ఒకరోజు అన్నాల దగ్గర.

“అప్పుడు నేనొక్కణ్ణే వెళ్తా. నీ ఇల్లు నువ్వు చూసుకో,” అన్నాడు పెరుగన్నం కలుపుకుంటూ. కోపంగా అని ఉంటే ఆమె ఇంత పట్టించుకునేది కాదు. చాలా మామూలుగా, ఊరగాయ అడిగినంత తేలిగ్గా అన్నాడు. ఆ రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. ఇల్లు పోతుందన్న బెంగ ఒక పక్క, మనిషి పోతాడన్న బెంగ ఇంకో పక్క. తెల్లారి లేచి, “ఒక రాత్రి నేనూ వస్తా ఆ పడవలో. ఉండి చూసినాక చెప్తా,” అంది.

అదీ ఈ ప్రయాణం. ఉడుపి వైపు ఒక రేవులో శనివారం మధ్యాహ్నం బయల్దేరితే, ఆదివారం పొద్దుటికి కార్వార్ చేరాలి. రాత్రంతా సముద్రం మీద పోవడం ఇద్దరికీ ఇదే మొదటిసారి.

ఎక్కగానే పాఠం మొదలుపెట్టాడు.

“పడవ మీద లెఫ్ట్, రైట్ అనకూడదు. పోర్ట్ అంటే లెఫ్ట్, స్టార్‌బోర్డ్ అంటే రైట్. ఇది తాడు కాదు, షీట్.”

“షీటా? పరుచుకునేదానికా?”

“జోక్ కాదు, సేఫ్టీ మేటర్ ఇది. అది బాత్‌రూమ్ కాదు, హెడ్.”

“హెడ్డా! అంటే నేను అర్జెంటొస్తే తలకాయలోకి పోయి కూర్చోవల్లనా?”

ఆమె నవ్వింది కానీ అతను నవ్వలేదు. అతనికి ఆమె మాట ఎప్పుడూ నవ్వులాటే, ఆమె వేళాకోళం మాత్రం ఎప్పుడూ నవ్వు తెప్పించదు. స్నేహితులు ఇంటికొస్తే, “మా ఆవిడ తెలుగుకి సబ్‌టైటిల్స్ కావాలి బాస్,” అంటాడు. సహన వాళ్ళు తరాలుగా బెంగళూరు పక్కన స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఉండాది, ఉండాడు అంటారు. ఎడమ అనరు, కుడి అనరు. కన్నడంలో లాగే ఎడ, బల అంటారు. ఆ చుట్టుపక్కల ఆటోవాడి నుంచి అంగడివాడి దాకా అందరూ అనేది అదే. పెళ్ళయిన కొత్తలో, “బల పక్క స్విచ్చు వెయ్యప్పా,” అంది ఆమె. “స్విచ్‌కి బలమెందుకు? రైట్ అనొచ్చుగా శుభ్రంగా,” అని పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఆమె రైటు, లెఫ్టు అనడం అలవాటు చేసుకుంది. వినేవాడు నేర్చుకోలేదు, చెప్పేది మార్చుకుంది. అప్పుడది ఒక లెక్కలోకి వచ్చే విషయంలా అనిపించలేదు.

నిజం చెప్పాలంటే సాయంత్రం కాసేపు బాగుంది. ఇంజన్ ఆపి తెరచాప ఎత్తేసరికి ఆ డుగడుగ చప్పుడు పోయి, నీళ్ళు చీలే సన్నని చప్పుడు మాత్రం మిగిలింది. పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. అచ్యుత్ ఫ్లాస్కులోంచి టీ పోసి, గాలికి ఎగురుతున్న ఆమె జుట్టు మీద తన టోపీ తీసి పెట్టాడు. ఏదో అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. పెళ్ళికి ముందు దేవనహళ్ళి కోట గోడ మీద కూర్చుని, ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి పెడుతూ నవ్విన నవ్వు అది. ఎన్నేళ్ళయింది విని! పెట్టేద్దాంలే సంతకం, ఇల్లంటే ఇటుకలే కదా, అనుకుంది. ఆ క్షణాన కాగితం ముందు పెట్టి ఉంటే పెట్టేసేది కూడా.

చీకటి పడుతూనే అలలు పెరిగాయి. పడవ ముందుకు ఊగడం మానేసి పక్కలకు దొర్లడం మొదలుపెట్టింది. లోపల గిన్నెలన్నీ ఒక మూలకు పోయి, మళ్ళీ ఇంకో మూలకు వస్తున్నాయి. సహన కడుపులో టీ పైకి లేచింది. పడవ అంచు పట్టుకుని తల బయటకు పెట్టి భళ్ళున కక్కింది. ముక్కులోంచి, కళ్ళలోంచి నీళ్ళు. మూతి తుడుచుకుందామని ఇటు తిరిగేసరికి మొహం మీద దీపం.

అచ్యుత్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

“హాయ్ ఫ్రెండ్స్! మా ఫస్ట్ నైట్! మా ఆవిడ పరిస్థితి చూడండి,” అంటున్నాడు ఫోన్‌తో, హుషారుగా.

“ఆపప్పా! సిగ్గు లేదా నీకు?”

“రియల్ లైఫ్ చూపించాలి సహనా. అందరూ సన్‌సెట్సే పెడతారు. ఇలాంటివే వ్యూస్ వచ్చేది.”

“ఫస్ట్ నైట్ అంటే ఏమనుకుంటారో తెల్దా నీకు? నీకు తెల్దా?”

“తెలుసు కాబట్టే ఆ టైటిల్!” అని కన్ను గీటాడు.

చీ! ఒక మనిషి కక్కుతుంటే వీపు మీద చెయ్యి వెయ్యడం మానేసి, దీపం వేసి వీడియో తీసేవాణ్ణి ఏమనాలి? పైగా దానికి శోభనం పేరు. సహనకు వాంతి కన్నా ఈ మాటే ఎక్కువ వికారం పుట్టించింది. చున్నీతో మూతి గట్టిగా తుడుచుకుని అటు తిరిగి కూర్చుంది.

కూర్చోగలిగితే బాగుండేది. మరుగుదొడ్డి అవసరం పడింది. లోపల ఆ హెడ్డో తలకాయో, మనిషి అడ్డం తిరగడానికి వీల్లేని గూడు. పక్కన ఒక చేతి పంపు. పని అయ్యాక పంపు కొడితే లోపలిది సముద్రంలోకి పోతుందట. సహన కొట్టింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టింది. పోవాల్సింది పోకపోగా, ఎవరెవరివో పాత సంగతులన్నీ కలుపుకుని పైకి రావడం మొదలుపెట్టింది.

“అచ్యుత్! పైకొస్తావుండాది! అంతా పైకొస్తావుండాది!”

“వాల్వ్ తిప్పావా? ముందు వెట్‌లో పెట్టి నీళ్ళు లాగాలి, తర్వాత డ్రై! చెప్పానుగా!” అని పైనుంచి అరిచాడు. కిందికి మాత్రం రాలేదు.

పడవ ఒక్క దొర్లు దొర్లింది. అది అంచు దాటి ఆమె పాదాల మీద పడింది. వెచ్చగా కాదు, చల్లగా పడింది, అదింకా అసహ్యం. సహన అరవలేదు. అరవడానికి నోరు తెరిస్తే ఆ గాలి లోపలికి పోతుంది. ముక్కు మూసుకుని, చెప్పులు అక్కడే వదిలేసి, ఉన్న తాగే నీళ్ళలో సగం కాళ్ళ మీద కుమ్మరించుకుంది. సబ్బుతో తోమింది. అయినా ఆ ముక్కుకు తెలుస్తూనే ఉంది, పోలేదని.

పైకి వచ్చేసరికి కృష్ణ ఒడ్డున పుట్టినవాడు తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

“నీకూ తిప్పుతావుందా?”

“నో నో, ఎసిడిటీ,” అన్నాడు. అనడం పూర్తికాకుండానే గాలికి ఎదురుగా తిరిగి కక్కాడు. గాలి ఊరుకుంటుందా? ఎవరిది వాళ్ళకు ఇచ్చేసింది. అతని గడ్డం నిండా, ఆమె నెత్తిన ఉన్న అతని టోపీ నిండా. తుడుచుకోబోయి ఆ తడిలోనే కాలు జారి, ఢామ్మని వెనక్కి కూలబడ్డాడు. అచ్యుతుడంటే జారిపడనివాడని అర్థమట, పెళ్ళిపత్రిక వేయించేటప్పుడు ఆమె మామగారు చెప్పారు. సహనకు నవ్వు రాలేదు. జాలి కూడా రాలేదు. జాలి రానందుకు మాత్రం కాస్త భయం వేసింది.

ఆమె లేపి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఈసారి ఎవరూ వీడియో తీయలేదు.

తర్వాత గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. అచ్యుత్ ఫోన్‌ను మళ్ళీ వీడియోలో పెట్టి పక్కన ఆనించి, ఇంజన్ పెట్టాడు. డీజిలు పొగ వెనకనుంచి వచ్చి ఇద్దరినీ కమ్ముకుంది.

“ఇక్కడ చేపలవాళ్ళ వలలుంటాయి. నువ్వు ముందుకెళ్ళి టార్చ్ పట్టుకుని కూర్చో. తెల్లగా తేలుతున్నవి కనిపిస్తే నాకు చెప్పు,” అన్నాడు.

సహన నడుముకు పట్టీ కట్టుకుని, పాక్కుంటూ పడవ మొన దగ్గరికి పోయి కూర్చుంది. అక్కడ పొగ లేదు, కంపు లేదు, మొగుడు లేడు. ప్రాణం తెరిపిన పడింది. టార్చి వెలుగు నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. ఈ రాత్రి ఒక్కటి గడిస్తే పొద్దున అన్నీ మామూలైపోతాయేమో, మనిషి ఒంట్లో బాగాలేనప్పుడు చేసిన పనులు లెక్కపెట్టకూడదేమో అని తనకు తానే సర్ది చెప్పుకుంది. పేరుకు తగ్గ ఓపిక, ఏం చెప్తాం.

అప్పుడు కనిపించాయి. తెల్లని థర్మాకోల్ ముద్దలు, ఒకదాని వెనక ఒకటి, తాడుకు గుచ్చినట్టు నీళ్ళ మీద తేలుతున్నాయి. ఎడమ పక్కనుంచి మొదలై సరిగ్గా పడవ ముందుకే వస్తున్నాయి. కుడి వైపు మాత్రం నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. తిప్పడానికి చోటుంది, ఇంకా టైము కూడా ఉంది.

సహన గుండె నోట్లోకి వచ్చింది. ఆ గుండెతో పాటే మాట కూడా వచ్చింది.

“వల! వల ఉండాది! బలక్కి తిప్పప్పా! బలక్కి! బలక్కి!”

వెనక ఇంజన్ చప్పుడులో అచ్యుత్‌కు వినిపించింది ‘బల’ ఒక్కటే. బలంగా పొమ్మంటోంది కాబోలు అనుకున్నాడు. ఇంజన్ స్పీడ్ పూర్తిగా పెంచేశాడు. పడవ ఒక్క దూకు దూకి, తిన్నగా పోయి వల మీద ఎక్కింది.

అడుగున ఏదో గరగరమంది. ఇంజన్ మూలిగి, దగ్గి, ఆగిపోయింది. ఆ తర్వాత నీళ్ళు పడవను కొట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఏం చేసినావు?” సహన మొన మీదనుంచి వెనక్కి అరిచింది. “బలక్కి అంటే యాడికి పోయినావు?”

“బలంగా అన్నావ్! బలంగా వెళ్ళాను!”

“బలక్కి అన్నా! రైటుకి! రైటుకి తిప్పమన్నా!”

“మరి స్టార్‌బోర్డ్ అనాలిగా! పొద్దున్నుంచి నేర్పిస్తుంటే ఏం నేర్చుకున్నావ్? ఎమర్జెన్సీలో నీ భాష మాట్లాడితే ఎలా?”

“ఎమర్జెన్సీలో ఇంకెవరి భాష వస్తుందప్పా మనిషికి? ప్రాణం మీదికొస్తే ఇంట్లో నేర్చిన మాటే వస్తుంది!”

“ప్రాపర్ తెలుగు మాట్లాడి ఉంటే మనకీ ఖర్మ పట్టేది కాదు,” అన్నాడు.

ఆమె నోరు మూసుకుని, వెనక్కి పాక్కుంటూ వచ్చి నీళ్ళలోకి టార్చి వేసింది. నోరు తిరగక కాదు, ఒకసారి తెరిస్తే ఇన్నేళ్ళదీ వచ్చేస్తుందని. వల తాడు పడవ అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుపోయింది. తీయాలంటే ఎవరో నీళ్ళలోకి దిగాలి. చీకట్లో దిగడం డేంజర్ అన్నాడు అచ్యుత్, అది నిజమే. తెల్లారాక చూద్దాం అన్నాడు, అదీ సరే. “నేను కాసేపు పడుకుంటా, నువ్వు వాచ్‌లో ఉండు,” అని ఆ కంపు గూట్లోకి దిగి ముసుగుతన్నాడు. పెద్ద ఓడ ఏదైనా చూసుకోకుండా మీదికొస్తుందేమోనని సహన టార్చి చేత్తో పట్టుకుని కూర్చుంది. కిందనుంచి గురక. ఎంత హాయిగా గురక పెడుతున్నాడో! ఆ గురక వినడం ఆమెకు కొత్త కాదు. దాని మీద అంత రోత పుట్టడం మాత్రం కొత్త.

వెలుగు వచ్చాక వల తాలూకు మనుషులు మరపడవలో వచ్చారు. అందరిలోకీ పెద్దాయన చినిగిన వల పైకి లాగి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత వీళ్ళ వైపు తిరిగి కన్నడంలో గట్టిగా అడిగాడు. “ఓడిస్తిద్దోరు యారు?”

పడవ నడిపిందెవరు అని. మాట అర్థం కాకపోయినా ఆ వేలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అప్పుడే నిద్ర లేచి పైకి వచ్చిన అచ్యుత్, గడ్డానికి ఎండిన వాంతితో, చెయ్యి చాపి సహనను చూపించాడు.

“మేడమ్ నే గలత్ బోలా,” అన్నాడు హిందీలో. మేడమ్ తప్పు చెప్పిందట.

రాత్రి పాదాల మీద పడిన మురికి కూడా సహనకు ఇంత రోత పుట్టించలేదు. ఆ మురికి ఎవరిదో. ఇది తన మొగుడిది. కడుపులో ఇంకేమీ లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణాన మళ్ళీ కక్కేది. ఆమె లేచి, ఆ పెద్దాయనకు రెండు చేతులూ జోడించింది. తప్పయిపోయిందని, చీకట్లో చూసుకోలేదని, వల బాగుచేయించే ఖర్చు మాదేనని కన్నడంలో చెప్పింది. ఎవరి తప్పో మాత్రం చెప్పలేదు. పెద్దాయన కాసేపు తిట్టి, శాంతించి, చెప్పులు లేని ఆమె కాళ్ళ వైపు చూసి, తాగడానికి నీళ్ళిచ్చాడు. వాళ్ళే తాడు కోసి, పడవను దగ్గర్లోని రేవుకు లాక్కెళ్ళి కట్టారు. కార్వార్ దాకా పోనే లేదు.

పడవను అక్కడే వదిలి ఆ రాత్రి బెంగళూరు బస్సు ఎక్కారు. రేవులో దొరికిన రబ్బరు చెప్పులు వేసుకుని, సహన కిటికీ పక్కన కూర్చుంది. సబ్బుతో కడిగింది, నిమ్మకాయతో రుద్దింది, అయినా చేతులు కంపు కొడుతూనే ఉన్నాయి. పక్కన అచ్యుత్ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో వీడియో అతికిస్తున్నాడు. కాసేపటికి నవ్వుతూ ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవిలో పెట్టాడు. ఇంజన్ చప్పుడు మధ్యలో ఆమె గొంతే. “బలక్కి తిప్పప్పా! బలక్కి!”

“ఇప్పుడే సెర్చ్ చేశా. బల అంటే నిజంగానే కన్నడలో రైట్ అంట! నాకు తెలీదు కదా. భలే కామెడీ వచ్చింది సహనా. దీనికి సబ్‌టైటిల్ వేసి పెడితే చంపేస్తుంది.”

“ఇన్నేళ్ళు మా ఇంట్లో తిని మా ఇంట్లో పండుకున్నావు. ఇప్పుడు సెర్చ్ చేసినావా?”

“నువ్వెప్పుడన్నావ్ బల అని? నువ్వూ రైట్ అనే అనేదానివిగా,” అన్నాడు అమాయకంగా.

అబద్ధమైతే సహన కొట్టిపారేసేది. పెళ్ళయిన కొత్తలో ఆ ఒక్కసారి తప్ప నిజమే కదా. తన ఇంట్లో, తన తండ్రి కట్టించిన గోడల మధ్య, తన నోట్లో మాట తనే మింగేసుకుంది, ఈ మనిషి ఒకసారి నవ్వాడని. అతను అడిగిందే లేదు, ఆమె ఇచ్చేసింది. మాట ఇచ్చేసింది, రేపు ఇల్లు కూడా ఇచ్చేస్తే ఇక మిగిలేదేముంది? చెవిలోంచి ఆ ఇయర్‌ఫోన్ తీసి అతని ఒళ్ళో పడేసి, కళ్ళు మూసుకుంది.

సోమవారం పొద్దున బెంగళూరులో బస్సు దిగి క్యాబ్ ఎక్కారు. ఒంటి మీద అవే బట్టలు. కారు ఎక్కగానే డ్రైవరు చప్పుడు చేయకుండా తన వైపు అద్దం దించుకున్నాడు. సహన సిగ్గుతో చచ్చిపోయింది. అచ్యుత్‌కు అది పట్టనే లేదు.

“స్ట్రెయిట్‌గా బ్రోకర్ దగ్గరికే వెళ్దాం. కొనేవాళ్ళు వెయిటింగ్ అంట. సైన్ చేసేసి ఇంటికెళ్ళి స్నానం చేద్దాం,” అన్నాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. సరే అన్నట్టే లెక్క వేసుకుని మళ్ళీ ఫోన్‌లోకి తల దూర్చాడు. రాత్రి ఎలా ఉంది, నీకేమనిపించింది అని ఇప్పటిదాకా ఒక్క మాట అడగలేదు. చూసినాక చెప్తా అని ఆమె అన్న సంగతే అతనికి గుర్తులేదు.

హోసూరు రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సుల మధ్య పాకుతూ పాకుతూ కారు చందాపుర సర్కిల్‌కు వచ్చింది. కుడికి తిరిగితే ఆనేకల్ రోడ్డు, బ్రోకర్ ఆఫీసు. ఎడమకు తిరిగితే ఇల్లు. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలోకి చూశాడు.

“ఎడనా, బలనా సార్?”

అచ్యుత్ నిటారుగా కూర్చున్నాడు. మొహం వెలిగిపోయింది.

“బల! బలక్కి!” అన్నాడు. సహన వైపు తిరిగి మోచేత్తో పొడిచాడు. “చూశావా? నేర్చేసుకున్నా!”

నేర్చుకున్నాడు. కాదని ఎవరంటారు? ఇన్నేళ్ళ కాపురంలో ఆమె భాషలో ఒకే ఒక్క మాట నేర్చుకున్నాడు. నేర్చుకున్న మొదటి పూటే దాన్ని ఆమె ఇల్లు అమ్మడానికి వాడాడు.

“ఎడక్కె తిరుగిసి అణ్ణా,” అంది సహన.

డ్రైవరు తటపటాయించాడు. వెనక బస్సు హారన్ కొడుతోంది. ఎవరి మాట వినాలో తెలియక అద్దంలో ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూశాడు.

“ఎడక్కె!” అంది మళ్ళీ. ఈసారి నిజంగానే బలంగా అంది.

కారు ఎడమకు తిరిగింది.

“హలో! ఎటు వెళ్తున్నాం? వాళ్ళక్కడ వెయిటింగ్ సహనా!” అచ్యుత్ వెనక అద్దంలోంచి ఆనేకల్ రోడ్డు వైపు చూస్తూ కంగారుగా అరిచాడు. “అడ్వాన్స్ రాకపోతే రిపేర్ ఎలా చేయిస్తాం? మరి సహన సంగతేంటి?”

అతను అడిగింది పడవ గురించే. ఆమెకు ఆ సంగతి బాగా తెలుసు.

“నీ సహన రేవులో ఉండాది, పో. పోయి దాంట్లోనే ఉండు,” అంది ఆమె, చెప్పుల్లోంచి కాళ్ళు తీసి ముడుచుకుంటూ. “ఈ సహన ఇంటికి పోతావుండాది.”